కాలకుండా మిగిలిన ముక్క

మలేసియాలోని హుటాన్ మెలింటాంగ్ రేవులో వలలు బాగుచేసే దాసు పోయి ఏడాది కావస్తోంది. ఆయన్ని పూర్తిగా సాగనంపాననే భార్య కూర్మమ్మ ధైర్యం. పూర్తిగా అంటే పూర్తిగానే. వాళ్లలో మనిషి ఒంటినుంచి ఊడిందేదీ వెనక మిగిలిపోకూడదు. చక్కెర జబ్బుకి తీసేసిన కాలివేలుని కూడా అడిగి తెచ్చుకుని, చేపల ఉప్పులో దాచి, చితిమీద ఆయన పాదం పక్కనే పెట్టింది. ముక్కు మూసుకున్న చుట్టాల్ని లెక్కచెయ్యలేదు.

అలాంటిది, సంవత్సరీకానికి బియ్యం నానబోస్తుంటే కౌలాలంపూర్ ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. మాట్లాడిన కూతురు విజయరాణి, తల్లి మొహం చూడకుండా చెప్పింది. పోయేముందు జరిగిన ఆపరేషన్లో తీసిన కాలేయం గడ్డలో ఓ ముక్క, ఇంట్లోవాళ్లకి తెలియకుండానే, వాళ్లు పరిశోధనకి దాచారట. దానితో పోల్చి చూడ్డానికి ఆయన కన్నపిల్లల రక్తం కూడా కావాలట.

మర్నాడే ఇద్దరూ బస్సెక్కారు.

డాక్టరు ఇళంగోవన్ మంచివాడే. కుర్చీ వేసి, తమిళంలో నెమ్మదిగా చెప్పాడు. ఆపరేషన్‌కి లోపలికి తోసుకెళ్లేముందు, ముక్క దాచుకోవచ్చా అని అడిగితే దాసు "బోలే లా" అన్నాడట, అలాగేలే అని. అనే ఉంటాడు. పడవ అరువడిగినా, ఒంటిమీద చొక్కా అడిగినా ఆ మనిషికి సరే అనడమొక్కటే వచ్చు. అందులోనూ సూదిమందు మత్తు.

"మా ముక్క మాకిచ్చీ నాయినా," అంది కూర్మమ్మ. "కాల్చుకుంటాను."

పరిశోధనకి తీసుకున్నది చేతికిచ్చే పద్ధతి లేదట. వద్దంటే మాత్రం పారేస్తారట.

"పారేడమంటే ఏటి?"

వాడిన సూదులు, దూది, అందరి కట్లూ కలిపి లారీలో పట్టుకుపోయి కాల్చేస్తారని విజయరాణి విడమరిచింది. పక్కన నిలబడి కర్పూరం వెలిగిస్తానంది కూర్మమ్మ. అక్కడికి ఎవరినీ రానివ్వరట.

"మరిక్కడే ఉంటే?"

"చలిపెట్టెలో భద్రంగా ఉంటుందమ్మా. మందు దొరికితే ఎంతోమందికి మేలు," అన్నాడు డాక్టరు.

ఆ ఎంతోమంది మీద కూర్మమ్మకి కోపమేం లేదు. ఎవరి బిడ్డలో, బతకనీ. కానీ చలిపెట్టెలోనా ఈయన, చెత్తమంటలోనా? ఏదైనా తన నోటితోనే అనాలి.

"ఆ సెత్తలో వద్దు," అంది చివరికి. "ఉండనీ."

డాక్టరు మొహం విప్పారింది. లేచి చేతులు జోడించి, ఎంత పెద్ద మనసమ్మా అన్నాడు. అయితే పనిలో పని, రక్తం కూడా ఇచ్చేసి వెళ్లండని నర్సుని పిలిచాడు. ఆ పిల్ల వచ్చి విజయరాణి చేతికి రబ్బరు పట్టీ బిగించింది. సూది తీశాక రక్తం అద్దిన దూదిని కూర్మమ్మ నర్సు చేతిలోంచి అందుకుని, కొంగున ముడేసుకుంది.