హాస్టలుకు సారె

మా ఆవిడకు మెడికల్ కాలేజీలో సీటొచ్చిందని తెలిసిన రోజున మా అమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "సారెలోకి ఏటేటి వండాలి?" అని.

"సారె ఏమిటే?" అన్నాను.

"లెక్కల మేస్టారివి, ఆ మాత్రం తెలీదేటిరా? పెళ్ళిలో పుట్టింటోళ్ళు మనింటికి అంపేరు, ఆళ్ళెట్టేరు. ఇప్పుడా గుంట మనింటి నుంచి ఎల్తంది. నేనెట్టొద్దూ?"

మా అమ్మ తర్కానికి ఎదురులేదు. పెళ్ళయిన కూతురికి సారె పెట్టడం, దాన్ని వీధంతా పంచడం చోడవరంలో పుట్టినవాడిగా నేనెరుగుదును. హాస్టలుకు వెళ్ళే కోడలికి అత్తగారు సారె పెట్టడం మాత్రం కనలేదు, వినలేదు. కానీ మా అమ్మ నూకరత్నం ఒకటి అనుకుందంటే అయిపోయినట్టే. వడ్డాది నుంచి బెల్లం దిగింది. పక్కింటి అచ్చియ్యమ్మ వచ్చి మూకుడు ముందు కూర్చుంది. అరిసెలు, కజ్జికాయలు, మినపసున్ని ఉండలు, ఓ పెద్ద గిన్నెడు చలిమిడి. వారమంతా మా ఇల్లు నేతివాసన కొట్టింది.

ఈ సంబరంలో అందరికన్నా ఉబ్బిపోయినవాణ్ణి నేనే. దాచుకోవడం ఎందుకు? గౌతమి రావికమతం వైపు సర్కారు ఆసుపత్రిలో నర్సు. మా పెళ్ళయి ఆరేళ్ళు. డ్యూటీ దిగి, షేరాటోలో ఇరుక్కుని ఇంటికొచ్చి, ఇంత తిని పుస్తకం ముందు కూర్చునేది. ప్రవేశపరీక్ష రెండుసార్లు తప్పింది. ముప్పయ్యో ఏట, మూడోసారికి కొట్టింది. ఫిజిక్సు లెక్కలు చెప్పింది నేనే కనుక ఆ సీటులో నాకూ కాస్త చోటుందని నా నమ్మకం. మా స్కూల్లో స్టాఫంతా నన్ను 'డాక్టరమ్మ మొగుడు' అనడం మొదలుపెట్టారు. ఆలూ లేదు చూలూ లేదు, అప్పుడే డాక్టరేమిటని పైకి కసురుకున్నాను గానీ, లోపల మాత్రం ఇంకోసారి అంటే బాగుండుననిపించేది. కాలేజీలో దింపడానికి వెళ్ళేటప్పుడు వేసుకుందామని కొత్త చొక్కా కూడా కుట్టించుకున్నాను.

ప్రయాణానికి ముందు రోజు సాయంత్రం గౌతమి బట్టలు మడతపెడుతూ అంది.

"ఏవండీ, ఒక మాట. కోప్పడరు కదా?"

మా ఆవిడ ఇలా మొదలుపెట్టిందంటే అది కోపం వచ్చే మాటే.

"రేపు హాస్టల్లో ఎవరైనా అడిగితే... నాకు అన్నయ్యనని చెప్తారా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. తాళి కట్టినవాణ్ణి పట్టుకుని అన్నయ్య అవమంటుందా! ఊరంతా డాక్టరమ్మ మొగుణ్ణి, కాలేజీ గేటు దాటితే తోడబుట్టినవాణ్ణా? నోటికొచ్చిందల్లా అన్నాను. ఆమె మడతలు ఆపలేదు. నా అరుపులు అయ్యేదాకా ఆగి, నెమ్మదిగా చెప్పింది.

"సెలవు పెట్టి వైజాగ్‌లో కోచింగ్‌కి వెళ్ళేను చూడండి, అక్కడ అందరికీ పద్దెనిమిదేళ్ళు. పెళ్ళయిందని తెలిసిన మర్నాటి నుంచి నేను ఆంటీనైపోయేను. నా బెంచీలో ఎవరూ కూర్చునేవారు కాదు. టీ తాగడానికెళ్తే పిలిచేవారు కాదు. ఏడాదంతా ఒక్కదాన్నే. ఇది అయిదేళ్ళండీ. అందరిలా పేరు పెట్టి పిలిపించుకోవాలని ఉంది నాకు. అంతే."

ఆ సంగతి నాకు ఇంతకుముందెప్పుడూ చెప్పలేదు. చెప్పి ఉంటే కోచింగ్ మాన్పించేస్తానని భయపడిందేమో. నాకు జాలీ వేసింది, కోపమూ తగ్గలేదు. సరేనన్నాను గానీ అన్నం సహించలేదు.

మా అమ్మ మాత్రం విని పకపకా నవ్వింది. "నాకేటమ్మా, అత్త నుంచి అమ్మనైపోతాను, పెమోషనే కదా! ఈడికే డిమోషను."

కాలేజీ ఉన్న శ్రీకాకుళం దాకా కారులో నేను మొహం కిటికీ వైపే తిప్పుకున్నాను. మా అమ్మ దారిపొడుగునా ఒళ్ళో చలిమిడి గిన్నె పెట్టుకుని కూర్చుంది.

హాస్టలు తిరునాళ్ళలా ఉంది. పరుపులు, బకెట్లు, ఏడుస్తున్న తల్లులు. గౌతమి గదిలో అప్పటికే ముగ్గురు పిల్లలు చేరి ఉన్నారు. మా అమ్మ ఎవరినీ అడక్కుండా డబ్బాల మూతలు తీసేసింది. వాసనకి ఆ గదిలోవాళ్ళే కాదు, పక్క గదుల పిల్లలు కూడా వచ్చి మూగారు.

"ఇన్ని స్వీట్లా! పెళ్ళెవరిది ఆంటీ?" అంది రోజా అనే పిల్ల.

"పెళ్ళి కాదమ్మా. మా గుంట సదువుకొచ్చింది కదా, దాని సారె. తినండి, తినండి" అంది మా అమ్మ. అబద్ధం ఆడకుండా గట్టెక్కింది మహాతల్లి.

వరండా పొడుగునా పంచారు. రోజా ఒక డబ్బా పట్టుకుంది, గౌతమి ఒకటి పట్టుకుంది. "గౌతమీ, ఇటు రా! గౌతమీ, ఆ చివరి రూమ్ వాళ్ళకి ఇవ్వలేదు!" అని ఆ పిల్ల అరుస్తోంది. పరుగెత్తుతున్న మా ఆవిడ మొహం చూశాను. పెళ్ళిచూపుల్లో కూడా అంత చిన్నపిల్లలా లేదు. నా కోపం ఎటుపోయిందో పోయింది. పోనీలే, ఈ సంతోషం కోసం నేను ఏమైతేనేం అనుకున్నాను.

అంతలో వార్డెనమ్మ వచ్చింది. చేతిలో అరిసె పెడితే మొహమాటపడకుండా తిని, నా వైపు తిరిగింది.

"మీరు గౌతమికి ఏమవుతారండీ?"

పిల్లలంతా నన్నే చూస్తున్నారు. గౌతమి డబ్బా పట్టుకుని గుమ్మంలో ఆగిపోయింది.

"అన్నయ్యనండీ" అన్నాను.

అనగలనని నేననుకోలేదు. అనేశాను. నవ్వడానికి ప్రయత్నించాను కూడా. ఆవిడ సరేనని తలూపి వెళ్ళిపోబోయింది.

"కాదు మేడం" అంది గౌతమి. "మా ఆయన. ఈవిడ మా అత్త. నాకు ముప్పయ్యేళ్ళు."

ఎవరో నోట్లోని కజ్జికాయ నమలడం ఆపేశారు. మా అమ్మ కంగారుపడి, "నేనైతే ఏటీ సెప్పలేదమ్మా" అంది. వార్డెనమ్మ నన్ను ఎగాదిగా చూసింది. అబద్ధమాడి దొరికిపోయిన మేస్టారి బాధ మేస్టారికే తెలుస్తుంది.

"అత్తగారు సారె పెట్టిందా!" అంది చివరికి ఒక పిల్ల. అందరూ నవ్వారు. మంచి నవ్వే. కానీ ఆ తర్వాత రోజా డబ్బా తిరిగిస్తూ, "ఇదిగో అక్కా" అంది. అంతవరకూ గౌతమి, అప్పట్నుంచి అక్క. ఆంటీ అనలేదు, నిజమే. అయినా ఆమె కోరుకున్నది పేరు ఒక్కటే, అది ఒక పూట కూడా నిలవలేదు.

గేటు దాకా మమ్మల్ని సాగనంపడానికి వచ్చింది. అమ్మ వెళ్ళి కారులో కూర్చుంది.

"ఎందుకు చెప్పేశావు? నేను సర్దేశాను కదా" అన్నాను.

"సర్దేసేరు. అప్పుడే మీ మొహం చూసేను. ఆ మొహం పెట్టుకుని మీరు చోడవరం వెళ్ళిపోతే, నేనిక్కడ ఏ పుస్తకం తెరుస్తానండీ?" అంది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అక్కా అంటే అక్కలాగే పలుకుతాను. మీరు నాకేమీ కాకుండా పోతే మాత్రం నావల్ల కాదు."

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. గేటు ముందు, అంతమంది తల్లిదండ్రులు చూస్తుండగా. పెళ్ళయిన ఆరేళ్ళలో మా వీధిలో ఒక్కసారి కూడా అలా పట్టుకుని నిలబడలేదు నేను.