పావుగంట ప్రసంగం

మార్చి పదకొండో తేదీ. మాడిన రొట్టె, ఉడికీ ఉడకని గుడ్డు తిని సెమినరీకి వెళ్ళాను. మా ఆవిడ పోయి ఇన్నేళ్ళయినా పొయ్యి నా మాట వినడం లేదు.

పాస్టర్లను తయారుచేసే ఆ సెమినరీలో నేను గ్రీకు చెబుతాను. ఆరోజు చివరి ఏడాది వాళ్ళకి ప్రసంగ పరీక్ష. పావుగంట కాగానే గంట కొడతారు. అప్పటికి చివరి ఆశీర్వచనం పూర్తి కాకపోతే ఫెయిలే. ఫెయిలైనవాళ్ళకి పాస్టరుగా ఏ సంఘమూ అప్పగించరు. పరీక్షించేది ప్రిన్సిపాల్ గారూ, ప్రసంగాలు నేర్పే మాస్టారూ, నేనూ; ఈసారి గంట కొట్టే వంతు నాది.

ఆ క్లాసులో ఉన్న దర్జీ గారమ్మాయికి నత్తి. అంతకుముందు రెండుసార్లూ గంట ఆమెను మధ్యలోనే ఆపేసింది. ఇదే ఆఖరి అవకాశం. ప్రతి స్టేషన్లో ఆగుతుందని తోటివాళ్ళు ఆమెను ‘పాసింజరు’ అంటారు.

“ఆ-ఆగినా, దిగాల్సిన చోటే దించుతాను కదరా,” అని నవ్వేసేది.

పరీక్షకు ముందు ప్రిన్సిపాల్ గారిని అడిగాను. “ఆ అమ్మాయికి ఇంకాస్త టైమిద్దామండీ.”

“ఒకరికిస్తే అందరూ అడుగుతారు మాస్టారూ. మన దగ్గర ఎవరికీ తేడా లేదు. అందరికీ ఒకటే గంట. సమానత్వం అంటే అదేగా?”

ఒళ్ళు మండిపోయింది. “మరి మీ ప్రార్థనకి గంటెందుకు లేదండీ? నిన్న మీరు ఆమెన్ అనేసరికి అన్నం చల్లారిపోయింది.”

ప్రసంగాల మాస్టారు దగ్గినట్టు చేసి నవ్వు మింగేశారు. ప్రిన్సిపాల్ గారు నవ్వలేదు.

బైబిల్లో దేవుడు నోరు తిరగనివాణ్ణి ఎంచుకున్న కథ చెప్పమని అందరూ ఆమెకు సలహా ఇచ్చారు. “నా నత్తి గురించి చె-చెప్పడానికి రాలేదండీ,” అంది నాతో. వేదికెక్కి ఆకలి గురించి మాట్లాడింది. పక్కింటి పొయ్యి వెలగలేదని తెలిసి కూడా, భోజనం ముందు భక్తిగా కళ్ళు మూసుకునే మనలాంటివాళ్ళ గురించి. ఒకడు ఆమె మాటను తనే పూర్తిచేయబోతే పక్కవాడు మోచేత్తో పొడిచి ఆపాడు. ఆ మోచేతిని మనసులోనే దీవించాను.

పావుగంట అయింది. గంట నాలుకను పిడికిట్లో బిగించి కూర్చున్నాను.

“మాస్టారూ!” అన్నారు ప్రిన్సిపాల్ గారు. నేను కదల్లేదు. ఆయనే లేచి బల్ల మీద చరిచారు. “టైమైపోయింది. దిగమ్మా.”

తర్వాత ఆఫీసు గదిలో ఆయన గొంతు మెత్తబడింది. “పాపం, పాస్ చేసేద్దాం. పట్టా ఇద్దాం. వేదిక మాత్రం ఎక్కించొద్దు. పిల్లల బడిలో కూర్చోబెడదాం.”

పాపమట! చదువంతా చెప్పి, చివరికి నోరు కుట్టేసి, దానికి దయ అని పేరు! దేవుడి మాట నేర్పే చోట ఇంత సిగ్గులేనితనమా?

ఆమెను పిలిచి అదే చెప్పారు.

“జా-జాలి వద్దండీ. పూ-పూర్తిగా వినండి. విన్నాక బాగాలేకపోతే ఫెయిల్ చేయండి.”

“మా ముగ్గురి సంతకాలూ ఉంటేనే క్లాసు ఫలితాలు బయటికెళతాయి,” అన్నాను. “ఈ పిల్ల మాట వినకుండా నేను పెట్టను.”

ఏనాడూ ఎదురు చెప్పని ప్రసంగాల మాస్టారు కలానికి మూత పెట్టేశారు. “నేనూ పెట్టను సార్. ముగింపు ఏమిటో తెలియక మధ్యాహ్నం నుంచీ నాకు తోచడం లేదు.”

ప్రిన్సిపాల్ గారు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. “ఎంతసేపు పడుతుందమ్మా?”

“తె-తెలియదండీ.”

ఆయన కుర్చీలో కూలబడ్డారు. “కానివ్వు.”

ఆమె మొదట్నుంచీ మొదలుపెట్టింది. ఆశీర్వచనం పూర్తయ్యేసరికి బయట పొద్దుగూకింది.

“మధ్యలో సాగదీశావు,” అన్నారు ప్రిన్సిపాల్ గారు. ఆ మాట ఆయన ప్రతి విద్యార్థితోనూ అంటారు. ఆమె ముఖం వెలిగింది. ఆయన పాస్ అని రాసి, సంఘానికి అర్హురాలని కింద చేర్చారు. ముగ్గురం సంతకాలు పెట్టాం.

ఆమె వెళ్ళాక కూడా నా కోపం దిగలేదు. “జూనియర్లలో చెవులు వినపడని అమ్మాయి ఉందండీ. చేతులతో ప్రసంగిస్తుంది. ఆమెకి ఏ రూలు పెడతారు?”

“రేపు చూద్దాం మాస్టారూ.”

“రేపు ఎన్నింటికి?”

ఆయన దీపం ఆర్పారు. “తొమ్మిదింటికి రండి,” అని, తలుపు చప్పుడు కాకుండా మూశారు.