సీటు కింద బొట్టు

అయినా పెట్రోల్‌లో నీళ్లు కలిస్తే మధ్యాహ్నం కూడా ఎక్కిళ్లు పెట్టాలి కదా, అనుకుంటూ పద్మావతి చీకట్లో తడుముకుని వ్యాన్ ముందు సీటు ఎత్తింది. ఎండెక్కాక ఈ పాత మారుతి వ్యాన్ ఏమీ ఎరగనట్టు నడుస్తుంది. పొద్దున మంచులోనే మిస్సింగ్. ఎత్తు వస్తే చాలు, ఎవరో వెనక నుంచి కొంగు పట్టి లాగినట్టు ఆగి ఆగి కదులుతుంది. ప్లగ్గులు మార్పించింది. వైర్లు మార్పించింది. ట్రిప్పు ముగించి మెకానిక్ జావీద్ దగ్గరికి వెళ్లేసరికి ఎండ వచ్చేది. అతను చెవి పెట్టి విని, "గుర్రం లెక్క ఉన్నదక్కా. పరేషాన్ బండికి కాదు, నీకే" అని నవ్వేవాడు. సీటు కింద ఇంజను మీది కుంకుమ బొట్లు అతనూ చూశాడు. బొట్టు లేని ఇంజను పటాన్‌చెరులో ఎక్కడుంది కనక!

దసరా తర్వాతే ఇది మొదలైంది. ఆ మాట మాత్రం ఆమె అతనికి చెప్పలేదు.

భానూర్ నుంచి గడ్డపోతారం మందుల ఫ్యాక్టరీకి ఆడవాళ్లను దింపే ఈ బండి ఆమె భర్త అంజన్నది. అతను పోయి ఏడాది దాటింది. ఆమె స్టీరింగ్ పట్టినప్పుడు ఎవరూ ఏమీ అనలేదు. ఆయుధ పూజ నాడు మాత్రం ఆడబిడ్డ ఆగమ్మ అడ్డం నిలబడింది. "నువ్వు బొట్టు పెట్టద్దు పద్మా. పవన్ పెడ్తడు." మరిది పవన్ అద్దానికీ చక్రాలకూ పసుపు కుంకుమలు పెట్టాడు. అందరూ ఇంట్లోకి పోయాక పద్మావతి సీటు ఎత్తి, కింద ఉన్న ఇంజనుకు తనూ పెట్టింది. పసుపు, కుంకుమ తడిపి చేతికి అందిన ప్రతిదానికీ పూసింది. కోపంలో పెట్టినవి కాబట్టి పెద్దవే పెట్టింది.

బండి మొరాయించిన మొదటి పొద్దున ఆమెకు అనుమానం వచ్చింది ఇంజను మీద కాదు, తన చేతి మీద. అది పిచ్చి ఆలోచనని తెలుసు. తెలిసినా పోదు. దాన్ని కప్పిపెట్టడానికే ఒకదాని తర్వాత ఒకటి మారుస్తూ పోయిందేమో.

నిన్న బండి చేరేసరికి ఫ్యాక్టరీ గేటు మూసేశారు. అందరికీ రోజు కూలి పోయింది. అదే బండిలో పనికి పోయే ఆగమ్మ అందరి తరఫునా చెప్పేసింది. "నా తమ్ముని బండి అని ఇన్ని దినాలు ఓర్సుకున్న. రేపు గిట్లనే ఆగితే వేరే బండి మాట్లాడుకుంటం."

సాయంత్రం జావీద్‌కు ఫోన్ చేసి పొద్దునే ఆగుతోందని చెబితే, అతనో ఉపాయం చెప్పాడు. "పొద్దుగాలనే అంటున్నవంటే తడికి కరెంటు ఎటో కారుతున్నది. తెల్లారకముందే సీటెత్తి, లైట్లు బంద్ చేసి, స్టార్ట్ జేసి సూడు. చెయ్యి పెట్టకు, గుంజి కొడ్తది."

ఇప్పుడు అలాగే లైట్లు ఆర్పి తాళం తిప్పింది. ఇంజను వణుకుతూ అందుకుంది. కాసేపు ఏమీ కనపడలేదు. తర్వాత, ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత మీద దారమంత నీలి మెరుపు పాకింది. అక్కడ మంచుకు నానిన ఎర్ర ముద్ద వెంబడి జారి ఇనుములోకి దిగిపోయింది. మళ్లీ జారింది. అది జారినప్పుడల్లా ఇంజను ఒక దెబ్బ తప్పుతోంది.

తను పెట్టిన బొట్టే.

ఇంజను ఆపేసింది. చీకట్లో కూర్చుని ఆ మెరుపునే తలుచుకుంది. పెట్టిన చెయ్యి ఎవరిదని అది అడగలేదు. తడి ఉన్న చోటికి పోయింది, అంతే.

"ఏంది పద్మా, మళ్ల మొదలా?" టిఫిన్ డబ్బాతో ఆగమ్మ వచ్చింది. వెనకే మిగతావాళ్లు. ఆగమ్మ ఫోన్ లైటు వేసి వంగింది. "లోపట ఎవరు పెట్టిండ్రు గివి?"

"నేనే వదినా."

"గందుకేనా నడుస్తలేదు?"

"గందుకే. మంచుకు నాని కరెంటు దాని మీదికెళ్లి పోతున్నది. పవన్ పెట్టినా గంతే."

ఆగమ్మ లైటు ఆర్పలేదు, అలాగే పట్టుకుని నిలబడింది. పద్మావతి వైర్లు ఒక్కొక్కటే తీసి, పొడిగుడ్డతో మూతంతా తుడిచి, ఎక్కడివక్కడ పెట్టింది. ఈసారి ఇంజను ఒక్క దెబ్బా తప్పకుండా అందుకుంది.

"ఎక్కుండ్రి జల్దీ, గేటు మూస్తరు" అంది ఆగమ్మ వెనక్కి తిరిగి.

అందరూ ఎక్కారు. సీటు మూసి కూర్చోబోయి, పద్మావతి ఆగింది. డ్యాష్‌బోర్డు మీది కుంకుమ పొట్లం విప్పి బండికి ముందువైపు వెళ్లింది. లోపలి నుంచి ఆగమ్మ చూస్తుండగా, మంచు పట్టిన అద్దం మీద ఒక్క బొట్టు పెట్టింది.