నేరేడులంక మర్యాదలు

నేరేడులంకలో తమని ఎవరూ తిట్టకపోయేసరికి సువర్ణకు గుండె జారింది.

పడవ దిగిన దగ్గర్నుంచీ అన్నీ మర్యాదలే. బంతిపూల దండలు, కొట్టి చేతికిచ్చిన బొండాలు, ప్రతి మాటకీ “ఆయ్, అలాగేనండి.” ఆమె భర్త ప్రభాకరరావు పొంగిపోతున్నాడు. పొంగడూ మరి! ఈ లంకలోనే పుట్టి, ఇక్కడి పాకబడిలోనే పంతులుగా చేసి, పంచాయతీ సమితి ప్రెసిడెంటై, డెబ్బైరెండులో ఒకసారి, డెబ్బైఎనిమిదిలో మరోసారి ఎమ్మెల్యేగా గెలిచినవాడు. ఇప్పుడు ఎనభైమూడు జనవరి ఎన్నికలు నెత్తిమీదికొచ్చాయి. ఊరూరా కొత్త పార్టీ గాలి వీస్తోందని జనం చెప్పుకుంటున్నారు.

“చూశావా సువర్ణా? గాలీ లేదు, గీలీ లేదు. మనూరు మనూరే,” అన్నాడు.

సువర్ణకు మాత్రం పాత సంగతి గుర్తొచ్చింది. కిందటి ఎన్నికలప్పుడు ఇదే ఊళ్లో ఆడవాళ్లు బిందెలు అడ్డం పెట్టి నిలదీశారు. ఆయన పిన్ని మార్తమ్మయితే “ఓట్లకి తప్ప మేం గుర్తుకు రామేంట్రా నీకు, సచ్చినోడా!” అని నలుగురిలో దులిపేసింది. దులిపేసి, కూర్చోబెట్టి చేపల పులుసు పెట్టింది. ఊరు ఊరంతా ఆయనకే ఓటేసింది.

ఈసారి ఆ మార్తమ్మ చాప పరవలేదు. పక్కింట్లోంచి కుర్చీలు తెప్పించింది.

“కూర్చోండి బాబుగారూ. ఎండన పడి వచ్చేరు.”

బాబుగారా! చంకనెత్తుకుని పెంచిన పిన్ని! సువర్ణ భర్త వంక చూసింది. ఆ మహానుభావుడు మాత్రం కుర్చీలో వెనక్కి వాలి బొండాం తాగుతున్నాడు. అసెంబ్లీలో ఎంత మాట్లాడితే ఏం లాభం, సొంత పిన్ని గొంతు మారడం వినపడని చెవులు!

“తప్పుంటే తిట్టండి చిన్నత్తా,” అంది సువర్ణ ఉండబట్టలేక.

“అయ్యో, ఎంత మాట! పెద్దోళ్లని మేం తిట్టడమేటండీ?”

తప్పేమిటో సువర్ణకు తెలుసు. లంక పడమటి అంచుని గోదావరి ఏటా వరదకి కోసుకుపోతోంది. క్రైస్తవుల సమాధుల దొడ్డి అక్కడే. తల్లి సలోమిని పూడ్చిన రోజు, చేతిలో తడిమట్టి ఉండగానే ప్రభాకరరావు ఊరందరికీ మాటిచ్చాడు. “గట్టుకి రాయి వేయిస్తాను. మా అమ్మనీ మీవాళ్లనీ ఏటికి వదలను,” అన్నాడు. రాయి మంజూరైంది కూడా. పార్టీ టిక్కెట్లు పంచే పెద్దమనిషొకడు దాన్ని తన కొబ్బరితోటల వైపు తిప్పుకున్నాడు. ఈయన కిక్కురుమనలేదు.

“అత్తయ్య సమాధి దగ్గర ప్రార్థన చేసుకుని వెళ్దామండీ,” అంది సువర్ణ.

సంఘపెద్ద ఏసుదాసు ముందు నడిచాడు. ఊరంతా వెనకాల వచ్చింది. జిందాబాదులు ఎప్పుడు ఆగిపోయాయో తెలియదు.

దొడ్డిలో సమాధులు లేవు. వరసగా గోతులున్నాయి.

“ఇదేంటి దాసన్నా?” అన్నాడు ప్రభాకరరావు.

“మొన్న వరద తీసేక అందర్నీ ఊరి నడుమ మెరకకి మార్చుకున్నామండి. పెట్టెలు దొరికితే పెట్టెల్తో, లేపోతే మూటలు కట్టుకుని.”

“అందర్నీనా?”

“ఆయ్. ఒక్కరిని తప్పండి.”

గట్టు చివర ఒకే ఒక్క సమాధి. కొత్తగా సున్నం వేసి ఉంది. శిలువకి బంతిపూల దండ. చుట్టూ తుడిచి నీళ్లు చల్లారు. దానికీ వీళ్లకీ మధ్య నేల బెత్తెడు వెడల్పున బీటలిచ్చింది. కింద నీళ్లు సుడి తిరుగుతున్నాయి.

“మా అమ్మనొక్కదాన్నీ వదిలేశారా?” ప్రభాకరరావు బీట అంచుదాకా వెళ్లి ఆగిపోయాడు.

“వదల్లేదండి. మీరు రాయి తెస్తానన్నారు కదా. మీ మాట తీసెయ్యకూడదని ఉంచేం,” అంది మార్తమ్మ.

“నీ తోడబుట్టిన అక్క కదా పిన్నీ!”

“ఆయ్. మా అక్కేనండి.”

ఆయన ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నాడు. “తిట్టు పిన్నీ. చెంపమీద కొట్టు. ఏదో ఒకటి అను!”

మార్తమ్మ కళ్లు నిండాయి. అయినా చేతులు మెల్లగా విడిపించుకుంది.

“పొద్దు వాలుతోందండి. పడవోడు వెళ్లిపోతాడు, బయల్దేరండి.”

గట్టు అంచున మట్టిపెళ్ల ఒకటి విరిగి నీళ్లలో పడిన చప్పుడైంది. ఊళ్లోవాళ్లెవరూ అటు తిరిగి చూడలేదు.