ఎవరి ఉమ్మి?

చిన్నాసుపత్రి రక్తపరీక్షల గదిలో "పిపెట్టును నోటితో పీల్చరాదు" అన్న కాగితం అంటించింది అక్కడ పరీక్షలు చేసే పెద్దాయనే. స్కేలు పెట్టి మరీ వంకర లేకుండా అంటించాడు. ఆ తర్వాత దాని కిందే కూర్చుని ఎప్పట్లాగే ఆ కొలత గాజుగొట్టంలోకి రక్తాన్ని నోటితో పీల్చాడు. నోటికి బదులు పీల్చడానికిచ్చిన రబ్బరు బల్బు సొరుగులో బుద్ధిగా పడుకుంది. తన నోటికున్న అంచనా రబ్బరుకు ఎక్కడిదని ఆయన ధీమా. నెలలో ఉద్యోగం అయిపోతుంది. ఇప్పుడు కొత్తగా నేర్చుకోమంటే ఎవరికి మాత్రం ఒళ్లు మండదు?

రెండు వారాల క్రితం పళ్లసెట్టు కట్టించుకున్నాడు. అప్పట్నుంచీ నోట్లో ఒకటే ఊట.

ఆ రోజు ఉదయం కుట్టుపని చేసే ఒకావిడ కడుపునొప్పితో చేరింది. ఆమె రక్తంలో ఎమైలేజ్ ఉండాల్సినదానికి ఐదింతలు ఉందని పెద్దాయన రాసిచ్చాడు. తిండిలోని పిండిపదార్థాన్ని అరిగించే ప్రోటీను అది. కడుపులోని క్లోమం దాన్ని పేగులోకి వదులుతుంది, లాలాజల గ్రంథులు నోట్లోకి వదులుతాయి. రెండూ కొద్దికొద్దిగా రక్తంలోకీ వదులుతాయి. గ్రంథి వాచినా, దాని దారి మూసుకుపోయినా ఆ కొద్దీ ఎక్కువవుతుంది. కడుపునొప్పి మనిషిలో అది పెరిగితే అనుమానమంతా క్లోమం మీదికే పోతుంది. కుర్ర డాక్టరమ్మ కూడా అలాగే అనుకుని, ఆవిణ్ణి మంచినీళ్లు కూడా ముట్టొద్దంది. సాయంత్రం పెద్దాసుపత్రికి పంపడానికి అంబులెన్సు మాట్లాడింది.

మధ్యాహ్నం పెద్దాయన పళ్లసెట్టు తీసి కడుక్కుంటుంటే ఉమ్మి తీగలా మణికట్టు దాకా జారింది. ఆయనకు ఆవిడ ఎమైలేజ్ గుర్తొచ్చింది. పొద్దున పిపెట్టు చివర దూది కూడా పెట్టలేదు. ఉమ్మి పిసరంత దిగినా చాలు, ఐదింతలేం ఖర్మ, పదింతలైనా చూపిస్తుంది.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు, కానీ ఆవిడ లేని జబ్బుకు పస్తులుండి సూదులు పొడిపించుకుంటుంది. చెబితే పరువుగా వెళ్లాల్సినవాడు తిట్లు తిని వెళ్తాడు. గంటసేపు మీనమేషాలు లెక్కపెట్టి, చివరికి లేచాడు.

"డాక్టరమ్మా, పొద్దుటి ఎమైలేజ్ ఆవిడది కాకపోవచ్చు. నాది కావచ్చు."

ఆమెకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. "నోటితో పీల్చారా బాబాయ్? ఆ కాగితం అంటించింది మీరే కదా."

"నేనే."

"మళ్లీ రక్తం తీయండి. బల్బుతో చేయండి. నేను పక్కనే నిలబడతా."

బల్బుతో చేసినా ఐదింతలే వచ్చింది. పెద్దాయనకు ప్రాణం లేచొచ్చింది. ఆవిడ రోగమే నిజమైనందుకు తనకు సంతోషం కలిగిందని గ్రహించి తల దించుకున్నాడు. డాక్టరమ్మకు మాత్రం అనుమానం పోలేదు.

"లైపేజ్ కూడా చూడండి. క్లోమం చెడితే అదీ పెరగాలి."

లైపేజ్ మామూలుగానే ఉంది.

"క్లోమం కాదు. మీ నోరూ కాదు," అంది డాక్టరమ్మ.

"ఇక మిగిలింది ఆవిడ నోరే," అన్నాడు పెద్దాయన.

ఇద్దరూ మంచం దగ్గరికి వెళ్లారు. దవడ నొప్పేమైనా ఉందా అని ఆయన అడిగాడు.

"తినేటప్పుడు వాస్తుంది అన్నయ్యా. నమిలితే ప్రాణం పోతుంది. అందుకే తిండి మానేసి టీలతోనే మిషను తొక్కుతున్నా. కడుపునొప్పికి వచ్చి దవడ సంగతి ఎందుకని చెప్పలేదు."

పొద్దుట్నుంచీ పస్తు కాబట్టి వాపు ఎవరి కంటా పడలేదు. ఉమ్మి ఊరాలని డాక్టరమ్మ నిమ్మబద్ద తెప్పించి ఆవిడ నాలుక మీద పెట్టింది. ఐదు నిమిషాల్లో దవడ కింద ఉబ్బెత్తుగా లేచింది. నాలుక కింద వేలు పెట్టి చూస్తే బియ్యపుగింజంత రాయి తగిలింది. ఉమ్మి వచ్చే దారికి అది అడ్డుపడింది. నోట్లోకి రావాల్సిన ఎమైలేజ్ రక్తంలోకి పోతోంది. కడుపునొప్పి ఖాళీ కడుపులో పోసిన టీల పుణ్యం. అంబులెన్సు వద్దని కబురు పంపారు.

గండం గడిచిందనుకుని పెద్దాయన గదిలోకి వచ్చి కూర్చున్నాడు. వెనకే డాక్టరమ్మ వచ్చింది.

"ఈ రెండు వారాల్లో ఎమైలేజ్ ఎక్కువని ఇంకెవరికి రాశారు బాబాయ్?"

ఆయన రిజిస్టరు తిప్పాడు. ఒక్కరే ఉన్నారు. పోయిన వారం వచ్చిన బస్సు డ్రైవరు. ఎనిమిదింతలు. లైపేజ్ చూడలేదు. అప్పుడే పెద్దాసుపత్రికి పంపేశారు.

డాక్టరమ్మ ఫోను ఆయన ముందుకు జరిపింది. "మీరే చేయండి."

అవతల డ్రైవరు భార్య ఎత్తింది. రక్తపరీక్షల గదిలోంచి అనగానే ఆవిడ గొంతు మారింది.

"మీరేనా అన్నయ్యగారూ? అక్కడ ఐదు రోజులు పచ్చి మంచినీళ్లు ఇవ్వలేదు. ఈలోపు ఆయన బస్సు వేరేవాళ్లకి ఇచ్చేశారు. పోతే పోయిందిలెండి. మీరు వేళకు కనిపెట్టబట్టి మనిషి దక్కాడు. మళ్లీ చూస్తే రక్తంలో ఏమీ లేదన్నారు. మీ మేలు మర్చిపోలేం."

డాక్టరమ్మ చూస్తూ నిలబడింది. పెద్దాయన నోట్లో ఊరిన ఉమ్మి మింగాడు.

"లేదమ్మా," అన్నాడు. "మీ ఆయన రక్తంలో మొదట్నుంచీ ఏమీ లేదేమో. ఆ ఎనిమిదింతలూ నా ఉమ్మి."