ఏ సలోమి పేరమ్మా?

బండారులంక దాటాక కాలవ గట్టు మీదుండే ఆ పేటలో "సలోమీ" అని ఒక్క కేకేస్తే పదకొండు గుమ్మాల్లోంచి పదకొండు తలకాయలు తొంగిచూస్తాయి. కోతలనుకునేరు, కావలిస్తే చర్చి రిజిస్టరు తీసి చూసుకోండి. దీనికంతటికీ మూలం వందేళ్ళ కిందటి ఒక తాతమ్మ. ఆవిడ అసలు పేరు ఎవరికీ తెలీదు. కామందుల పొలాల్లో "ఒసే" అనడమే గానీ పేరు పెట్టి పిలిచిందెవరు గనక! బాప్తిస్మం నాడు ఏం పేరు కావాలమ్మా అని అడిగితే, మగాళ్ళందరూ భయపడి తలుపులేసుకు కూర్చున్నప్పుడు తెల్లారగట్ల ప్రభువు సమాధి దగ్గరికి వెళ్ళిన ఆడవాళ్ళలో ఒకావిడ ఉంది చూడండి, ఆవిడ పేరు పెట్టండి అందట. సలోమి అంటే సమాధానం, నెమ్మది అని అర్థమట. ఆ సంగతి తర్వాతెవరో చెప్పారు గానీ, తాతమ్మ మనసు పడింది ఆ ధైర్యం మీద.

అక్కణ్ణుంచి ఇంటికో సలోమి తయారైంది. అందరూ సలోములే అయితే పిలుచుకోవడం ఎలా? అందుకని తలా ఒక తోక తగిలించారు. టీచరు సలోమి, నర్సు సలోమి, గల్ఫు సలోమి, పొట్టి సలోమి. మన కథలో సలోమికి దక్కింది మాత్రం "మొగుడొదిలేసిన సలోమి".

ముప్ఫై ఆరేళ్ళుగా అదే తోక. ముప్ఫై ఏళ్ళపాటు అంగన్‌వాడీలో పేట పిల్లలందరికీ ముక్కులు తుడిచింది, అన్నం తినిపించింది, చెయ్యి పట్టి అక్షరాలు దిద్దించింది. అయినా అంగన్‌వాడీ సలోమి అన్న పుణ్యాత్ములు ఒక్కరూ లేరు. ముందు అంటుకున్నది అంటుకుపోయింది, అంతే. ఎవరిదీ చెడ్డబుద్ధి కాదు సుమండీ! కానీ ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా ఆవిడకి తింటున్న ముద్ద గొంతుకి అడ్డం పడ్డట్టుండేది.

పోనీ, అందులో నిజముందా అంటే అదీ లేదు. ఓడలరేవు అత్తారింట్లో, తాగొచ్చి బెల్టు తీసే మొగుణ్ణి ఒక పొద్దున్న వదిలేసి, మొదటి బస్సెక్కి పుట్టింటికి వచ్చేసింది సలోమే. వాళ్ళమ్మ గుమ్మంలోనే చెయ్యి పట్టుకుని ఆపింది. "వాడొదిలేసేడంటే జాలి పడతారే. నువ్వొదిలేసొచ్చేవంటే మొహాన ఉమ్మేస్తారు. నోరు మూసుకో" అంది. మూసుకుంది. అమ్మ పోయి ఇరవయ్యేళ్ళయినా ఆ మూసిన నోరు మూసినట్టే ఉంది. ఇప్పుడు అరవై రెండేళ్ళొచ్చాయి. కళ్ళు మూసేలోగా ఆ తోకొక్కటీ ఊడిపోతే చాలు, ఇంకేమీ అక్కర్లేదు అనుకునేది.

మొన్న శనివారం వీధి చివరింటి జాస్మిన్ మూడు నెలల పాపని భుజాన వేసుకొచ్చింది. ఆ పిల్ల కూడా ఒకప్పుడు సలోమి చేతి ముద్ద తిన్నదే.

"పిన్నిగారూ, రేపు పాపకి బాప్తిస్మమండి. సలోమని పెడుతున్నాం. మీరు ముందు వరసలో కూచోవాలి."

"తాతమ్మ పేరా? మంచిదమ్మా" అంది సలోమి. ఆ పేటలో పెట్టిన సలోములందరిదీ తాతమ్మ పేరే మరి. జాస్మిన్ నవ్వి ఊరుకుంది.

ఆదివారం చర్చిలో పాస్టరయ్యగారు పాప నుదుటి మీద నీళ్ళు పోసి, ప్రార్థన ముగించారు. సంఘపెద్ద ఇస్సాకుగారు రిజిస్టరు తెరిచి, కళ్ళజోడు సర్దుకున్నారు. ఎవరి పేరు పెట్టారో కూడా రాసుకోవడం అక్కడి ఆనవాయితీ.

"ఏ సలోమి పేరమ్మా?"

"మన సలోమి పిన్నిగారిదండి" అని జాస్మిన్ ముందు వరస వైపు చెయ్యి చూపించింది.

తన పేరా అనుకుంది సలోమి!

ఇస్సాకుగారు కలం పట్టుకుని నీళ్ళు నమిలారు. "మనకి సలోములు పదకొండు మందున్నారు కదమ్మా. ఏ సలోమని రాయమంటారు?"

పెద్దాయన నోట ఆ మాట రావట్లేదని, సలోమి పక్కనే కూర్చున్న ముసలి చిన్నతల్లి సాయం చేసింది. "మొగుడొదిలేసిన సలోమండీ, రాసేసుకోండి!"

సలోమి తల వాలిపోయింది. అయిపోయింది, ఇంక రిజిస్టర్లోకి కూడా ఎక్కుతోంది అనుకుంది.

"కాదండీ" అంది జాస్మిన్. "ఇది చిన్న సలోమి. అంచేత ఆవిడ పెద్ద సలోమిగారు. అలా రాయండి."

"పెద్ద సలోమంటే తాతమ్మ కదమ్మా?"

"తాతమ్మ తాతమ్మేనండి. నాకు ఆకలేస్తే అన్నం పెట్టింది ఈవిడ."

"ఆయ్" అన్నారు ఇస్సాకుగారు, తేలిగ్గా ఊపిరి పీల్చుకుని. రాయడం మొదలెట్టారు.

సలోమి కళ్ళ వెంట నీళ్ళు జలజలా రాలాయి. ఆ నీళ్ళతోపాటే కోపం కూడా తన్నుకొచ్చింది. చిన్నతల్లి చెవి దగ్గరకి వంగింది. "ఇన్నేళ్ళూ అదే మాటన్నావు కదక్కా. ఆయన నన్నొదల్లేదు. నేనే ఆయన్నొదిలేసి వచ్చేసేను. తెలుసా నీకు?"

"తెల్సే" అంది చిన్నతల్లి, అదో వింతా అన్నట్టు. "పేటంతటికీ తెల్సు. నువ్వొచ్చిన రోజే మీ అమ్మ ఇంటింటికీ తిరిగి, మా పిల్ల పరువు కాపాడండి, వాడే ఒదిలేసేడనండి అని కాళ్ళావేళ్ళా పడింది. మాటిచ్చేం కదా మరి! అందుకే ఎవరూ మర్చిపోకుండా అంటున్నాం."

ఇన్నేళ్ళూ తనని పొడుచుకుతిన్న మాట, తన కోసమే పేటంతా కలిసి మోసిన అబద్ధమా? అమ్మా, ఎంత పని చేశావే! సలోమికి ఏడుస్తూనే నవ్వొచ్చేసింది. నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

"పెద్ద సలోమిగారూ, సాక్షి సంతకం పెట్టాలండి" అని పిలిచారు ఇస్సాకుగారు.

ఎవరు లేస్తారా అని సలోమి చుట్టూ చూసింది. చిన్నతల్లి మోచేత్తో డొక్కలో పొడిచింది. "నిన్నేనే!"

"ఆయ్, వస్తున్నానండీ" అంది సలోమి, చర్చి అంతా వినపడేలా.