తలుపేసి వేయించిన కాఫీ

సిదామా కొండల్లో కాఫీ గింజలు గుట్టుగా వేయించడం ఎవరి తరమూ కాదు. మూకుడు వేడెక్కితే చాలు, పొగ అరటిలాంటి ఎన్సెట్ చెట్ల కంచె దాటి పక్కింట్లోకి వెళ్ళిపోతుంది. ఆ పొగే పిలుపు. పనిగట్టుకుని పిలిచేవాళ్ళు లేరు, పిలవలేదని అలిగేవాళ్ళూ లేరు. వాసన వస్తే లేచి వెళ్ళడమే. అలాంటి చోట పుట్టి పెరిగిన వర్కినేష్ ఆ రోజు కంచెవైపు తలుపు వేసి మరీ పొయ్యి మీద మూకుడు పెట్టింది.

కంచెకవతల బిర్కె ఉంటుంది. వర్కినేష్ కంటే చాలా పెద్దది, ఒంటరిది. ఈ ఇంట్లో పొగ లేచిందంటే శాలువా చెంగులో వేయించిన బార్లీ పోసుకుని వచ్చేస్తుంది. ఆవిడ రాకూడదనే ఆ తలుపు వేయడం.

లోపల పీట మీద మార్తె కూర్చుని ఉంది. నార్వేలో కాఫీ వేయించి అమ్ముకునే మనిషి, ఏటా ఇక్కడికి వస్తుంది. దళారుల జోలికి పోకుండా నేరుగా వర్కినేష్ దగ్గరే కొంటుంది, పట్నం వర్తకుడు ఇచ్చేదానికంటే చాలా ఎక్కువ ఇస్తుంది. ఆమె షరతు ఒక్కటే, నీ చెట్ల కాఫీ పళ్ళే కావాలి, ఇంకెవరివీ కలపొద్దని. కాఫీ సంచీల మీద వర్కినేష్ ఫోటో కూడా వేయించింది. అలాంటి సంచీ ఒకటి గోడకు తగిలించుకుని మురిసిపోయిన రోజులున్నాయి. ఇప్పుడు దానివైపు చూడబుద్ధి కావడం లేదు.

ఈ ఏడు కాయ నల్లబడే తెగులు వచ్చి దిగువ తోట తుడిచిపెట్టుకుపోయింది. ఆ ముక్క మార్తెకు ఫోన్లో చెప్పేస్తే సరిపోయేది. కానీ సరుకు తగ్గితే ఇంకో తోట చూసుకుంటుందేమోనని వర్కినేష్‌కు భయం పట్టుకుంది. భయపడ్డవాళ్ళకు బుద్ధి ఎప్పుడు పనిచేసింది గనక! బిర్కె దగ్గరికి వెళ్ళి, నీ తోట పళ్ళు కూడా నా గాడిద మీద వేసుకెళ్ళి పట్నంలో వర్తకుడికి ఇచ్చేస్తాను, నీకు నడక తప్పుతుంది అంది. మోకాళ్ళ నొప్పులతో ఉన్న బిర్కె ఆ మాటకే పొంగిపోయింది. ఆ పళ్ళు పట్నం మొహం చూడలేదు. వర్కినేష్ తడికల మీద, వర్కినేష్ పళ్ళతో కలిసి ఎండాయి. వర్తకుడి ధర లెక్కన డబ్బు మాత్రం తెచ్చి బిర్కె చేతిలో పెట్టింది. కాబట్టి ఇది దొంగతనం కాదని ఇన్నాళ్ళూ తనకు తనే సర్దిచెప్పుకుంటూ వచ్చింది.

పొద్దున మార్తె వస్తూనే సంబరంగా ఏదో చెప్పింది. పట్నం నుంచి వెంట వచ్చిన దుకాలె ఆ మాటల్ని సిదామా భాషలోకి మార్చాడు. ముందుగా మచ్చుకు పంపిన గింజలు నార్వేలో రుచి చూశారట. ఇన్నేళ్ళలో ఇంత బాగా ఎప్పుడూ లేవట, ఏదో పూల వాసన కొత్తగా తగిలిందట. ఏ చెట్లవో చూపించమంది. వర్కినేష్ ఎగువ తోటకు తీసుకెళ్ళి చేతికందిన చెట్టు చూపించింది. మార్తె దాని ఆకులు నిమిరి, పక్కన నిలబడి ఫోటో తీయించుకుంది. ఏ పాపమూ ఎరగని ఆ చెట్టు ముందు వర్కినేష్‌కు సిగ్గుతో చచ్చినంత పనైంది.

గింజలు చిటపటలాడాయి. పొగ తలుపు సందుల్లోంచి తన దారి తాను చూసుకుంది. మొదటి కప్పు అయింది, బిర్కె రాలేదు. రెండోదీ అయింది. హమ్మయ్య అనుకోవాల్సింది పోయి వర్కినేష్ మాటిమాటికీ మూసిన తలుపువైపే చూసింది. మూడో కప్పు పోస్తుండగా వీధి గుమ్మం దగ్గర కర్ర చప్పుడైంది. చుట్టూ తిరిగి వచ్చింది బిర్కె, చెంగులో బార్లీతో.

"తలుపు వేసుంటే ఒంట్లో బాగోలేదేమో అనుకున్నానే," అంటూ ఆయాసపడుతూ కూర్చుంది.

మూడోది దీవెన కప్పు. ఉన్నవాళ్ళలో పెద్దవాళ్ళు దీవించాలి, మిగతావాళ్ళు ఆమెన్ అనాలి. బిర్కె కప్పు పట్టుకుని కళ్ళు మూసుకుంది.

"ఈ ఇంటి చెట్లు ఏటా విరగకాయాలి. నా మోకాళ్ళు చూసి జాలిపడి నా పళ్ళు మోసిందీ పిల్ల. దేవుడు దీన్ని చల్లగా చూడాలి."

దుకాలె ఆమెన్ అన్నాడు. మార్తె కూడా వచ్చీరాని పలుకుతో అంది. వర్కినేష్ మాత్రం కప్పు కింద పెట్టేసింది.

"ఏమే, అనవేం?" అంది బిర్కె కళ్ళు తెరిచి.

"దుకాలె అన్నా, ఆమెతో చెప్పు," అంది వర్కినేష్ తలొంచుకుని. "నేను చూపించిన చెట్టు అబద్ధం. నా తోటకు తెగులొచ్చింది. ఆమెకిచ్చిన వాటిలో సగం ఈ బిర్కె అక్క పళ్ళే, ఆ పూల వాసన అక్క చెట్లదే. అక్కకూ అబద్ధమే చెప్పాను."

దుకాలె చెప్పగానే మార్తె మొహం ఎర్రబడింది. గోడ మీది ఫోటోను చూసింది, బిర్కెను చూసింది. తెగులొచ్చిందని చెబితే వదిలేసి పోయేదాన్ననుకున్నావా అని అడిగించింది. తరవాత మార్తె బిర్కె వైపు తిరిగి, రేపు మీ తోట చూపిస్తారా అంది.

బిర్కె కర్ర అందుకుని లేచింది.

"పళ్ళదేముంది వర్కే, అడిగితే ఊరికే ఇచ్చేదాన్ని," అంది. "వస్తానని తెలిసి నా మొహాన తలుపేశావు చూడు."

చెంగులోని బార్లీ మాత్రం పళ్ళెంలో పోసే వెళ్ళింది.

మర్నాడు పొగ అటునుంచి ఇటు వచ్చింది. బిర్కె ఇంటి తలుపు బార్లా తెరిచి ఉంది, లోపల మార్తె మాటలు వినబడుతున్నాయి. వర్కినేష్ బార్లీ వేయించి చెంగులో పోసుకుని కంచె దాకా వెళ్ళింది. అక్కడ కాళ్ళు ఆగిపోయాయి. మొదటి కప్పుకు వెళ్ళలేకపోయింది, రెండో కప్పుకైనా వెళదామనుకుంది. పొగ పిలుస్తూనే ఉంది. ఇంతలో మూడో కప్పు దీవెనకు బిర్కె గొంతు లేచింది. చెట్లను దీవించింది, దూరాన్నుంచి వచ్చిన మనిషిని దీవించింది, చివరికి ఇరుగూ పొరుగూ చల్లగా ఉండాలి అంది.

కంచెకు ఇవతల నిలబడి, ఎవరికీ వినబడకుండా, వర్కినేష్ ఆమెన్ అంది.